మనిషి రావాలా, కాగితం చాలా?

యజమాని పరదేశంలో ఉండగా సొంతూళ్లో వాహనం చోరీ అయితే, దాన్ని రాబట్టుకునే పనికి ఆరు మెట్లున్నాయి. బండి పోయిన తీరు తేల్చుకోవడం, ఫిర్యాదు నమోదు చేయించడం, యజమాని తరఫున తిరిగే మనిషికి అధికారం ఇవ్వడం, వెతుకులాట, దొరికిన బండిని కోర్టు నుంచి విడిపించుకోవడం, దొరక్కపోతే బీమా సొమ్ము రాబట్టడం. ఈ ఆరింటిలో యజమాని స్వయంగా వచ్చి నిలబడాల్సింది ఎక్కడ అన్నదే ఇక్కడి వివాదం.

నిజామాబాద్ జిల్లాలో ఈ ప్రశ్నకు బలమైన కారణముంది. చమురు దేశాలకు వలసలు మొదలైన 1970ల తర్వాత ఇక్కడి పల్లెల నుంచి దుబాయి, సౌదీ, ఒమన్, కువైట్‌లకు పోయినవాళ్లు లేని వాడకట్టు తక్కువ. అక్కడి సంపాదనలో ఇల్లు, పొలం తర్వాత వంతు చాలాచోట్ల ట్రాక్టర్‌దే. 1923-31 మధ్య మంజీర మీద కట్టిన నిజాంసాగర్ ఆయకట్టులో బోధన్, వర్ని, కోటగిరి ప్రాంతాలకు వరి, చెరకు వచ్చాయి. దమ్ము చేయడానికి కేజీవీల్స్ తగిలించిన ట్రాక్టర్, చెరకు మోయడానికి ట్రాలీ లేనిదే ఆ సేద్యం నడవదు. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక చెరకు కామారెడ్డి వైపు ప్రైవేటు మిల్లుల దారి పట్టింది. ట్రాక్టర్ ఊరి బయట గడిపే రాత్రులు పెరిగాయి. నిజామాబాద్ పట్టణంలోనేమో సెలవుకు వచ్చినప్పుడు కొన్న థార్ వంటి జీపులు నెల రోజులు తిరిగి, మిగతా ఏడాది టార్పాలిన్ కింద పడుంటాయి. బోధన్ దాటి సాలూర దగ్గర మంజీర వంతెన ఎక్కితే అవతల నాందేడ్ జిల్లా బిలోలి తాలూకా. రాత్రి పోయిన బండి తెల్లారేసరికి మరో రాష్ట్రంలో ఉండే వీలుంది.

పొలాల్లో, గుట్టల్లో తిరిగే బండి అయినంత మాత్రాన చట్టం దృష్టిలో అది వేరే జాతి కాదు. 1988 మోటారు వాహనాల చట్టం పట్టాల మీద నడిచేవాటిని, ఫ్యాక్టరీ ఆవరణ లోపలే వాడే ప్రత్యేక యంత్రాలను మినహాయించింది. ట్రాక్టర్, జీపు మాత్రం మోటారు వాహనాలే. ట్రాక్టర్ ఇంజన్‌కు, దాని వెనక తగిలించే ట్రాలీకి వేర్వేరు రిజిస్ట్రేషన్లుంటాయి. రెండూ కలిసి పోతే రెండింటి నంబర్లూ ఫిర్యాదులో ఉండాలి.

ఈ సంవాదంలో పూర్వపక్షం బోధన్ మండలపు రైతుది. తమ్ముడు గల్ఫ్‌లో, ట్రాక్టర్ ఊళ్లో ఉన్న పెద్దన్న మాట అది. ఉత్తరపక్షం నిజామాబాద్ కోర్టులో వాహన కేసులు చూసే వకీలుది. ఇద్దరూ రెండు వాదాలకు ప్రతినిధులు. యజమాని రావాల్సిందేనని రైతు, రానక్కర్లేదని వకీలు.

ఆర్‌సీలో ఎవరి పేరు?

రైతు వాదం సూటిగా ఉంటుంది. “వకీల్ సాబ్, బండి మా తమ్మునిది. రియాల్ రియాల్ కూడబెట్టి పంపిండు. వాడొచ్చి నిలవడకుంటే ఠాణాల మా మాట ఎవరింటరు? టికెట్ పెట్టి రప్పియ్యాలె, అంతే.”

వకీలు జవాబు చెప్పే ముందు ఒకటి అడుగుతాడు. “అన్నా, ముందుగాల ఆర్‌సీ చూపెట్టండి. అండ్ల ఎవరి పేరుంది?”

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(30) ప్రకారం ఎవరి పేర వాహనం రిజిస్టర్ అయిందో వారే యజమాని. 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీన్నే ఖాయపరిచింది. డబ్బు ఎవరు పెట్టారు, ఎవరు నడుపుతున్నారు అన్నవాటి కన్నా రిజిస్టర్‌లోని పేరే ముఖ్యం. ట్రాక్టర్ల విషయంలో ఈ తేడా తరచూ బయటపడుతుంది. పట్టాదారు పాసుపుస్తకం చూపి వ్యవసాయ రుణం తీసుకునేటప్పుడు, భూమి తండ్రి పేర లేదా అన్న పేర ఉంటే ట్రాక్టర్ కూడా వాళ్ల పేరనే దిగుతుంది. కిస్తీలు కట్టేది గల్ఫ్‌లోని తమ్ముడు. చట్టం ముందు యజమాని ఊళ్లో ఉన్న అన్న. అటువంటప్పుడు పరదేశం నుంచి రావాల్సిన యజమాని ఎవరూ లేనట్టే.

ఇంకో చిక్కు ఆర్‌సీలోని మనిషి చనిపోయి ఉండడం. యజమాని మరణిస్తే వారసులు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలిపి, మూడు నెలల్లో ఫారం 31తో తమ పేరిట మార్పించుకోవాలి. తండ్రి పోయి ఏళ్లు గడిచినా బండి ఆయన పేరే మోస్తుంటే, చోరీ తర్వాత కోర్టులోనూ బీమా సంస్థ దగ్గరా ముందు వారసత్వం రుజువు చేసుకోవాల్సి వస్తుంది.

రైతు కొంత తగ్గుతాడు. “మా ఇంజన్ బాపు పేరు మీదున్నది, జీపు తమ్ముని పేరు మీదున్నది. జీపు సంగతే మాట్లాడుదాం.” మిగతా వాదమంతా ఆర్‌సీలో పేరున్న మనిషి నిజంగానే పరదేశంలో ఉన్న బండి గురించి.

పోయిందా, పోనిచ్చారా?

బండి కనబడకపోవడం, చోరీ కావడం ఒకటే అనుకోవడం సహజం. చట్టానికి ఇందులో మూడు రకాలు. యజమాని అనుమతి లేకుండా, అతని స్వాధీనంలోంచి దురుద్దేశంతో కదిలిస్తే చోరీ. నమ్మి అప్పగించిన మనిషే అమ్ముకుంటే, కుదువ పెడితే నమ్మకద్రోహం. కిస్తీ బకాయి పడినందుకు ఫైనాన్స్ సంస్థ మనుషులు తోలుకుపోతే అది రుణ ఒప్పందానికి సంబంధించిన తగాదా.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో చోరీకి సెక్షన్ 303(2) కింద మూడేళ్ల దాకా శిక్ష ఉంది. సరుకులు లేదా ప్రయాణికులను మోసే రవాణా సాధనం చోరీ అయితే సెక్షన్ 305 కింద ఏడేళ్ల దాకా. నమ్మకద్రోహానికి సెక్షన్ 316(2) కింద ఐదేళ్ల దాకా. శిక్షల తేడా కన్నా యజమానిని ఎక్కువ తాకేది బీమా. పాలసీ సాధారణంగా చోరీకి పూచీ పడుతుంది. నమ్మి అప్పగించిన దోస్తు కుదువ పెట్టిన బండికి చెల్లించడానికి బీమా సంస్థలు అడ్డం తిరుగుతాయి. తొందరలో తప్పు పేరు పెట్టి రాసిన ఫిర్యాదు తర్వాత యజమానికే ఎదురు నిలుస్తుంది.

రైతుకు ఇక్కడ పట్టు దొరుకుతుంది. “గదే నేనంటున్న. తాళంచెవి ఎవరికిచ్చిండు, ఏం మాట్లాడుకున్నడు, వానికే ఎరుక. నేనెట్ల చెప్తా?”

“చెప్పాల్సింది ఆయనే, ఒప్పుకుంటా” అంటాడు వకీలు. “చెప్పడానికి ఫ్లైట్ ఎక్కాలా? తాళంచెవి ఎవరికి, ఎప్పుడు ఇచ్చిండో వాట్సాప్‌ల ఉంటది. ఫోన్ జాగ్రత్తగా పెట్టుకొమ్మనండి.”

ఎలక్ట్రానిక్ సందేశాలు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ధ్రువపత్రంతో సాక్ష్యంగా చెల్లుతాయి. ఫోన్ మార్చినా, చాట్ తుడిచేసినా ఆ సాక్ష్యం పోతుంది.

ఫిర్యాదు ఎవరివ్వాలి?

రైతు రెండో మాట ఫిర్యాదు గురించి. “మాలిక్ లేకుంటే కేసు రాసుకోరు. మాలిక్‌ను తోల్కరా అంటరు.”

వకీలు దీన్ని పూర్తిగా ఖండిస్తాడు. శిక్షార్హమైన నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు సమాచారం ఇవ్వవచ్చు. బాధితుడే ఇవ్వాలన్న నియమం లేదు. బండిని కాపాడుతున్న అన్న, పక్కింటివాళ్లు, డ్రైవర్ ఎవరైనా ఫిర్యాదుదారు కావచ్చు. 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, కాగ్నిజబుల్, అంటే పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగల నేరం సమాచారం అందితే ఎఫ్‌ఐఆర్ నమోదు తప్పనిసరి అని తేల్చింది. చోరీ ఆ కోవలోదే.

భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173 మరో రెండు తలుపులు తెరిచింది. నేరం ఏ ఠాణా పరిధిలో జరిగినా ఏ ఠాణాలోనైనా సమాచారం ఇవ్వవచ్చు. వాడుకలో దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. ఎలక్ట్రానిక్ మార్గంలోనూ సమాచారం పంపవచ్చు. అలా పంపితే మూడు రోజుల్లోగా పంపినవారు దానిపై సంతకం చేయాలి.

రైతు అక్కడే పట్టుకుంటాడు. “మూడొద్దులల్ల సంతకం అంటిరి. వాడు రియాద్‌ల ఉన్నడు. ఎట్ల పెడ్తడు?”

ఆ అభ్యంతరంలో బలముంది. కనుక పరదేశంలోని యజమాని పంపే ఈమెయిల్ మీదే ఆధారపడకుండా, ఊళ్లో ఉన్న మనిషి ఠాణాకు వెళ్లి రాతపూర్వకంగా ఇవ్వడమే చక్కని దారి. యజమాని ఈమెయిల్ దానికి తోడుగా ఉంటుంది. ఠాణాలో తీసుకోకపోతే అదే సెక్షన్ కింద విషయాన్ని రాతపూర్వకంగా పోలీసు ఉన్నతాధికారికి పంపవచ్చు. 2016 అక్టోబరు నుంచి నిజామాబాద్ పోలీస్ కమిషనరేట్ కాబట్టి ఇక్కడ ఆ అధికారి పోలీస్ కమిషనర్. అక్కడా ఫలితం లేకపోతే మెజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. ఎఫ్‌ఐఆర్ ప్రతి ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు లేదా బాధితుడికి తెలపాలి. దాన్ని ఎలక్ట్రానిక్ మార్గంలో తెలపవచ్చని సెక్షన్ 193 చెబుతుంది. సముద్రం అవతల ఉన్న యజమానికి పనికొచ్చే మాట అది.

అధికార పత్రం

ఫిర్యాదు ఎవరైనా ఇవ్వవచ్చు. దొరికిన బండిని తీసుకోవడం, బీమా పత్రాల మీద సంతకం పెట్టడం అలా కాదు. వాటికి యజమాని ఇచ్చిన ముక్తియారు, అంటే పవర్ ఆఫ్ అటార్నీ కావాలి.

రైతు అనుమానం అనుభవం లోంచి వచ్చింది. “వాట్సాప్‌ల చిట్టీ రాసి ఫొటో పంపిండు. కోర్టుల పనికిరాదన్నరు.”

“పనికిరాదు. గది పవర్ కాదన్నా” అంటాడు వకీలు.

పరదేశంలో రాసే పవర్‌కు రూపం ఇది. యజమాని భారత రాయబార కార్యాలయానికి లేదా కాన్సులేట్‌కు పాస్‌పోర్టుతో స్వయంగా వెళ్లి, కాన్సులర్ అధికారి ముందు సంతకం చేసి ధ్రువీకరణ పొందాలి. 1948 నాటి దౌత్య, కాన్సులర్ అధికారుల ప్రమాణాలు, ఫీజుల చట్టం ఆ అధికారులకు నోటరీ పనులు చేసే అధికారం ఇచ్చింది. అలా ధ్రువీకరించిన పవర్ సక్రమంగా రాసిందేనని మన సాక్ష్య చట్టం భావిస్తుంది. అసలు ప్రతి ఊరికి చేరాక మరో మెట్టుంది. విదేశంలో రాసిన పత్రం మన దేశానికి మొదట చేరిన నాటి నుంచి మూడు నెలల్లోగా స్టాంపు సుంకం కట్టాలని 1899 స్టాంపు చట్టం సెక్షన్ 18 చెబుతుంది. ఆ పని జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో చేయించుకోవాలి. ఈ గడువు తెలియక పత్రాన్ని బీరువాలో పెట్టి మరిచిపోయేవాళ్లున్నారు.

పత్రంలో “నా వ్యవహారాలన్నీ చూసుకొనుటకు” అని గంపగుత్తగా రాస్తే చాలదు. వాహనం రిజిస్ట్రేషన్, ఇంజన్, చాసిస్ నంబర్లు ఉండాలి. పోలీసుల ముందు వాంగ్మూలం, కోర్టులో బండి విడుదల పిటిషన్, బాండు మీద సంతకం, బీమా క్లెయిమ్, రవాణా శాఖ ఫారాలు ఒక్కొక్కటిగా పేర్కొనాలి. బండిని అమ్మే అధికారం ఇవ్వాలా వద్దా అన్నది యజమాని ఆలోచించి తేల్చుకోవాలి. అన్నదమ్ముల మధ్య తర్వాత వచ్చే తగాదాలకు మూలం చాలాసార్లు ఆ ఒక్క వాక్యమే.

యజమాని స్వయంగా వెళ్లి తీరాల్సిన మెట్టు ఇదొక్కటేనని వకీలు వాదన. వెళ్లాల్సింది బోధన్‌కు కాదు, ఉన్న దేశంలోని కాన్సులేట్‌కు. సౌదీలో ఉన్న కూలీ ఊరికి రావాలంటే టికెట్‌తో పాటు ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా కావాలి, సెలవు కావాలి, పోయే జీతం వేరు. కాన్సులేట్‌కు వెళ్లడం ఒక పూట పని. ఊళ్లో కూర్చొని “వచ్చెయ్” అనేవాళ్లు ఈ లెక్క వేయరు.

“ఆ పూట సెలవు సుత కఫీల్ ఇయ్యాలె గద సాబ్” అంటాడు రైతు. కఫీల్ అంటే అక్కడ పని ఇచ్చిన పూచీదారు. ఎడారిలో, పట్టణానికి వందల కిలోమీటర్ల దూరంలో పనిచేసేవారికి ఆ ఒక్క పూట కూడా తేలిక కాదు. అందుకే పవర్‌ను బండి పోయాక రాసేకన్నా విమానం ఎక్కే ముందే నిజామాబాద్‌లో రాసి నోటరీ చేయిస్తే ఈ మెట్టే ఉండదు.

వెతుకులాట

రైతు వాదం అన్నిటికన్నా బలంగా నిలిచేది ఇక్కడ. “కాగితం బండిని ఎతుకుతదా సాబ్? రాత్రికి రాత్రి సాలూర దాటిచ్చిండ్రనుకో, ఎవరు పోవాలె? బిలోలిల ట్రాక్టర్లు సాలకు సాల ఉంటయి. మాదేదో గుర్తుపట్టేటోడు గావాలె.”

వకీలు కాదనడు. వెతుకులాటకు మనిషి కావాలి. ఆ మనిషి బండిని రోజూ చూసేవాడై ఉండాలి. రెండేళ్లకోసారి సెలవుకు వచ్చే యజమాని కన్నా, దాన్ని నడిపే డ్రైవర్‌కే దాని ఆనవాళ్లు బాగా తెలుసు.

మొదటి రాత్రి విలువ ట్రాక్టర్ నడక వేగంలోనే ఉంది. గంటకు 30 కిలోమీటర్లకు అటూఇటూ నడిచే బండి సొంత చక్రాల మీద మొదటి కొన్ని గంటల్లో ఎంతో దూరం పోలేదు. లారీ ఎక్కిస్తే మాత్రం ఆ లెక్క చెడుతుంది. అందుకే తెలిసిన వెంటనే 100 లేదా 112కు ఫోన్ చేయడం, బోధన్–సాలూర, కందకుర్తి దారుల్లో పెట్రోల్ బంకుల, దుకాణాల సీసీ కెమెరాల దృశ్యాలు భద్రపరచమని పోలీసులను కోరడం అదే రోజు జరగాలి. కెమెరాల్లో పాత దృశ్యాల మీద కొత్తవి ఎక్కిపోతుంటాయి.

జీపు సంగతి వేరు. అది రహదారి ఎక్కుతుంది, జాడ వదులుతుంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద ఇందల్వాయి టోల్ దాటితే ఫాస్టాగ్ సొమ్ము కోత సందేశం యజమాని ఫోన్‌కు పోతుంది. ట్రాఫిక్ ఈ-చలాన్ కూడా అంతే. చోరీ జాడ అందరికన్నా ముందు దుబాయిలో తెలిసే సందర్భం ఇదొక్కటే. అయితే ఫాస్టాగ్‌కు ఇచ్చిన నంబరు రీచార్జ్ లేక మూగబోయిన భారతీయ సిమ్‌ది అయితే ఆ సందేశం ఎవరికీ చేరదు. రవాణా శాఖ, బీమా ఓటీపీలకూ అదే గతి.

మరో రాష్ట్రంలో దొంగబండికి కొత్త రిజిస్ట్రేషన్ తేలిక కాదు. రాష్ట్రం మారాలంటే పాత రిజిస్టరింగ్ అధికారి నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. చోరీ సమాచారం రవాణా శాఖ రికార్డుల్లో ఎక్కితే ఆ నంబరు మీద లావాదేవీలు ఆగుతాయి. జాతీయ నేర రికార్డుల బ్యూరో నడిపే వాహన్ సమన్వయ్‌లో చోరీ అయిన, పోలీసులు స్వాధీనం చేసుకున్న వాహనాల వివరాలు దేశమంతటివీ సరిపోల్చవచ్చు. కాబట్టి ఎఫ్‌ఐఆర్‌లో ఇంజన్, చాసిస్ నంబర్లు ఒక్క అంకె తప్పకుండా ఉండాలి. టీఎస్ 16 లేదా టీజీ 16 అన్న నిజామాబాద్ ప్లేటును దొంగ మొదటి గంటలోనే పీకేస్తాడు. చాసిస్ మీద చెక్కిన అంకెలను రాపిడితో చెరిపేసినా, లోహం లోపలి ఒత్తిడి గుర్తులను రసాయనాలతో తేల్చి ఫోరెన్సిక్ ప్రయోగశాలలు చదవగలవు.

అంకెలు పూర్తిగా పోతే మిగిలేవి ఆనవాళ్లే. హుక్కు దగ్గర వెల్డింగ్ అతుకు, మడ్‌గార్డు సొట్ట, మార్పించిన సీటు, ట్రాలీ డోరుకు వేయించిన అదనపు పట్టీ. వీటిని ఎఫ్‌ఐఆర్‌లోనే రాయించాలి. దొరికాక చెప్పే ఆనవాలుకు ముందే రాసిన ఆనవాలుకున్న విలువ రాదు.

కోర్టు నుంచి విడుదల

బండి దొరికిందంటే చేతికొచ్చిందని కాదు. పంచనామాతో స్వాధీనం చేసుకున్నాక అది కేసు సొత్తు. ఠాణా ఆవరణలో ఎండకూ వానకూ తుప్పు పట్టే వాహనాలను చూసే సుప్రీంకోర్టు 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో గట్టి మాట చెప్పింది. వాహనాలను ఎక్కువ కాలం ఠాణాల్లో ఉంచడంలో అర్థం లేదు, తగిన బాండు, పూచీకత్తు తీసుకుని మెజిస్ట్రేట్ వెంటనే తగు ఉత్తర్వులివ్వాలి అని. నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 497 దీనికి గడువులు చేర్చింది. సొత్తు కోర్టు ముందుకు వచ్చిన 14 రోజుల్లో దాని వివరణ పత్రం తయారుకావాలి, ఫొటోలు లేదా వీడియో తీయించాలి, ఆ తర్వాత 30 రోజుల్లో దాన్ని ఏం చేయాలో ఉత్తర్వు ఇవ్వాలి.

రైతు అడుగుతాడు. “బాండు మీద సంతకం వాడే పెట్టాలంటే?”

పవర్‌లో ఆ అధికారం స్పష్టంగా రాసుంటే, దాన్ని పొందిన మనిషి సంతకంతో కోర్టులు సాధారణంగా ఒప్పుకుంటాయి. అసలు ఆర్‌సీ, బీమా పత్రం, పవర్ అసలు ప్రతి, పవర్ పొందిన మనిషి గుర్తింపు పత్రం పిటిషన్‌తో ఉండాలి. ఏ కోర్టులో వేయాలన్నదాన్ని బండి ఏ కేసులో పట్టుబడిందన్నది తేలుస్తుంది. బోధన్‌లో పోయిన బండిని బోధన్ పోలీసులే తెస్తే బోధన్ కోర్టు. బిలోలి పోలీసులు తమ కేసులో పట్టుకుంటే అక్కడి కోర్టు. హక్కుదారు ఎవరో తెలియని సొత్తు అయితే మెజిస్ట్రేట్ ప్రకటన ఇచ్చి ఆరు నెలలు ఆగుతారు. ఎవరూ రాకపోతే, పట్టుబడిన మనిషి తన హక్కు రుజువు చేసుకోలేకపోతే, అది ప్రభుత్వపరమయ్యే వీలుంది. పరదేశంలోని యజమానికి ఇది నిజమైన ప్రమాదం. ఫిర్యాదే ఇవ్వని బండి దొరికినా దానికి దిక్కు లేదు.

చివరకు విచారణలో సాక్ష్యం. ఇక్కడైనా తప్పదు కదా అంటాడు రైతు. 2003లో మహారాష్ట్ర ప్రభుత్వం వర్సెస్ డాక్టర్ ప్రఫుల్ దేశాయ్ కేసులో విదేశంలోని సాక్షిని వీడియో కాన్ఫరెన్స్ ద్వారా విచారించవచ్చని సుప్రీంకోర్టు అన్నది. నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 530 విచారణలను ఎలక్ట్రానిక్ మార్గంలో జరిపే వీలు కల్పించింది. అనుమతి ఇచ్చేది కోర్టే. కాబట్టి ముందుగా అడిగి పెట్టుకోవాలి.

దొరకకపోతే

బండి దొరకలేదని పోలీసులు తుది నివేదిక ఇచ్చాక బీమా సంస్థ ముందుకు కదులుతుంది. ముందు చూసుకోవాల్సింది పాలసీ రకం. కేవలం థర్డ్ పార్టీ పాలసీ చోరీకి పనికిరాదు. అప్పు తీరేదాకా సమగ్ర పాలసీ కట్టి, ఆ తర్వాత థర్డ్ పార్టీతో సరిపెట్టే అలవాటు ట్రాక్టర్ యజమానుల్లో ఉంది. సమగ్ర పాలసీ ఉన్నా పాలసీ తేదీ దాటిపోయి ఉంటే రాబడి సున్నా.

రైతు గట్టిగా నమ్మే మాట ఒకటుంది. “తమ్ముడు అక్కడుండె, కంపెనీకి చెప్పుడు నెలన్నర ఆలస్యమైంది. ఇగ పైసలు రానట్టే.”

సుప్రీంకోర్టు ఈ సంగతిని ఒక ట్రాక్టర్ కేసులోనే తేల్చింది. గుర్‌షిందర్ సింగ్ ట్రాక్టర్ 2010 అక్టోబరు 28న పోయింది. అదే రోజు ఎఫ్‌ఐఆర్ నమోదైంది. బీమా సంస్థకు తెలిపింది 52 రోజులు దాటాక. ఆ ఆలస్యం చూపి సంస్థ క్లెయిమ్ తిరస్కరించింది. 2020 జనవరిలో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, పోలీసులకు వెంటనే ఫిర్యాదు ఇచ్చి ఉంటే, చోరీ నిజమని తేలితే, బీమా సంస్థకు ఆలస్యంగా తెలిపారన్న ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టివేయరాదని తీర్పునిచ్చింది. పరదేశంలోని యజమానికి ఇందులో రెండు పాఠాలున్నాయి. ఠాణాకు వెళ్లడం ఆలస్యమైతే క్షమ దొరకడం కష్టం. బీమా సంస్థకు తెలపడం ఆలస్యమైతే వాదించే చోటుంది.

తాళంచెవి మరో తగాదా. బీమా సంస్థలు రెండు చెవులూ అడుగుతాయి. ఒకటి యజమాని సూట్‌కేసులో గల్ఫ్‌కు పోయి ఉంటే అది తెప్పించాలి. బండికే చెవి వదిలేసి పోతే జాగ్రత్త షరతు తప్పినట్టు. 2023లో అశోక్ కుమార్ వర్సెస్ న్యూ ఇండియా అష్యూరెన్స్ కేసులో చెవి వదిలిన లారీకి సుప్రీంకోర్టు క్లెయిమ్‌ను పూర్తిగా కొట్టేయకుండా 75 శాతం ఇప్పించింది.

సొమ్ము తీసుకున్నాక బండి మీద హక్కు బీమా సంస్థకు పోతుంది. చెల్లింపుకు ముందే బదిలీ ఫారాల మీద సంతకాలు తీసుకుంటారు. ఆ తర్వాత బండి దొరికితే అది సంస్థదే. నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కక్షిగా ఉన్న 2010 నాటి జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ కేసులో, దొరికిన వాహనం విడుదలకు బీమా సంస్థ కూడా పిటిషన్ వేయవచ్చని, అటువంటి పిటిషన్ వేసిన 30 రోజుల్లోగా మామూలుగా విడుదల చేయాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఫైనాన్స్ ఉన్న బండి అయితే బీమా సొమ్ములో మొదటి వాటా అప్పిచ్చినవాళ్లది.

తేలినది

ఆరు మెట్లూ చూశాక రైతు పక్షంలో నిలిచేది ఒకటి. ఊళ్లో తిరిగే మనిషి లేనిదే ఏ పత్రమూ కదలదు. వకీలు పక్షంలో నిలిచేది ఒకటి. ఆ మనిషి యజమాని కానక్కర్లేదు, యజమాని అధికారం చేతిలో ఉన్నవాడైతే చాలు. ఫిర్యాదు, వెతుకులాట, గుర్తింపు ఊళ్లోని మనిషి పనులు. పవర్ మీద సంతకం, తాళంచెవి ఎవరికిచ్చాడన్న వాంగ్మూలం, సాక్ష్యం యజమానివి. వాటిని అతను ఉన్నచోటు నుంచే నెరవేర్చవచ్చు.

“అయితే వాడు వచ్చుడే వద్దంటరా?” అని రైతు చివరి ప్రశ్న.

“బండి పోయినంక రావొద్దు. పోకముందు వచ్చినప్పుడే ఈ పని చేసి పొమ్మనండి” అంటాడు వకీలు.

సెలవు ముగిసి శంషాబాద్ విమానాశ్రయం దారి పట్టేలోగా చేయాల్సిన పనులు కొన్నే. ఆర్‌సీలో పేరు, చిరునామా సరిచూసుకోవడం. పాలసీ సమగ్రమైనదో కాదో, తిరిగొచ్చేదాకా గడువుందో లేదో చూడడం. బండి నంబర్లన్నీ రాసిన నోటరీ పవర్ ఒకటి నమ్మకస్తుడి చేతికివ్వడం. రెండో తాళంచెవి ఎక్కడుందో ఇంట్లో చెప్పడం. రవాణా శాఖ, ఫాస్టాగ్, బీమా మూడింటికీ పనిచేసే ఫోన్ నంబరు ఇవ్వడం. ఇంజన్, చాసిస్ అంకెలు, వెల్డింగ్ అతుకులు, సొట్టలు కనబడేలా ఫొటోలు తీసి రెండు ఫోన్లలో పెట్టడం. జీపును టార్పాలిన్ కింద వదిలేటప్పుడు బ్యాటరీ తీసి ఇంట్లో పెట్టడం.